ఏడు సముద్రాలు దాటిన ఫిడేలు, వీధి దాటలేని డప్పు



ఈ వారం సంగీతం గురించి మాట్లాడుకుందాం. అదీ మనకి బొత్తిగా సంబంధం లేదనుకునే సంగీతం గురించి. స్ట్రింగ్ క్వార్టెట్ అంటారు దాన్ని. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. నలుగురు మనుషులు, నాలుగు తీగ వాద్యాలు, అంతే. డప్పు లేదు, డోలు లేదు, పాట పాడే గొంతు లేదు.

"మనకెందుకు మేడం ఇవన్నీ? స్కాలర్‌షిప్పుల గురించి రాయండి, రిజర్వేషన్ల గురించి రాయండి" అనే తమ్ముళ్ళకి ముందే చెప్తున్నాను. ఇదీ రిజర్వేషన్ల గురించే. జీవో ఏదీ లేకుండానే, రెండు వందల ఏళ్ళుగా, ఏ కుర్చీ ఎవరికి రిజర్వు అయి ఉందో చెప్పే కథే ఇది.

ముందు ఆ నలుగురి సంగతి. 18వ శతాబ్దంలో ఆస్ట్రియాలో హైడన్ అనే ఆయన ఈ రూపాన్ని స్థిరపరిచాడు. దీని గొప్పంతా ఒకటే. నలుగురూ ఒకే పాట వాయించరు. ఎవరి వరస వాళ్ళది. ఒకరు పైన రాగం తీస్తుంటే ఇంకొకరు కింద వేరే స్వరం పట్టుకుంటారు, మూడో వాళ్ళు అడ్డొస్తారు, నాలుగో వాళ్ళు సర్దిచెబుతారు. రచ్చబండ మీద నలుగురు కూర్చుని ఒకే విషయం మీద తలా ఒక మాట మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అన్ని మాటలూ కలిసి ఒక అర్థం ఇస్తాయి. దాన్నే హార్మనీ అంటారు.

మన కర్ణాటక సంగీతం అలా ఉండదు. అక్కడ వరస ఒక్కటే. గాయకుడు పాడితే పక్కన వయొలిన్ ఆ దారినే నడుస్తుంది. ఆ ఒక్క వరసలోనే లోతంతా ఉంటుంది. స్వరం నిలబడి ఉండదు, ఊగుతుంది, జారుతుంది, వణుకుతుంది. అదే గమకం. ఇలా ఊగే స్వరం కింద నిలబడి ఉండే స్వరాల్ని పేర్చడం చిన్న పని కాదు. పొరపాటున రాగంలో లేని స్వరం కిందకి వచ్చిందా, ఆ రాగం ఆ రాగంలా ఉండదు. తూర్పు పడమరలు కలవడం కష్టం అని పండితులు చెప్పేది ఇందుకే. కష్టమే, కాదనను.

కానీ కలిపినవాళ్ళు ఉన్నారు. 1990ల్లో వి.ఎస్. నరసింహన్ అనే వయొలిన్ కళాకారుడు మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ అనే బృందాన్ని పెట్టారు. మొదటి వయొలిన్ మీద ఆయన కర్ణాటక కీర్తనని గమకాలతో సహా వాయిస్తారు. మిగతా రెండు వాద్యాలూ చెల్లో కలిసి కింద పాశ్చాత్య పద్ధతిలో హార్మనీ నేస్తాయి. వాళ్ళు వాయించిన వాటిలో త్యాగరాజు కీర్తనలున్నాయి. అంటే తెలుగు పాటలు. తంజావూరు సీమలో పుట్టిన తెలుగు, మద్రాసులో, యూరప్ పద్ధతిలో కూర్చున్న నలుగురి చేతుల్లో, మాటలు లేకుండా పలికింది. వినండి. యూట్యూబ్‌లో దొరుకుతుంది. నిజంగా బాగుంటుంది. సంగీతాన్ని తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

నన్ను ఆలోచనలో పడేసిన విషయం వేరు. ఈ కలయికని చూసి సంప్రదాయం మంటగలిసిందని ఎవరూ గోల చేయలేదు. మడి చెడిందని అనలేదు. "ప్రాక్ పశ్చిమ సంగమం" అని మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. మరి ఇంత విశాల హృదయం మన వీధి చివరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుంది?

ఫిడేలు మన దేశానికి ఎలా వచ్చిందో చూడండి. ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ (1786–1859) మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర దాన్ని నేర్చుకున్నాడని సంగీత చరిత్ర చెబుతుంది. అప్పుడు మద్రాసు కోటలో ఇంగ్లీషు సైనిక బ్యాండ్లు వాయించేవి. ఆ బ్యాండు వరసలకి ముత్తుస్వామి దీక్షితార్ సంస్కృత సాహిత్యం కట్టాడు. వాటినే నోట్టుస్వరాలు అంటారు. అందులో ఇంగ్లండు రాజుని దేవుడు కాపాడాలని పాడే పాట వరస కూడా ఉంది. తెల్లోడి రాజభక్తి గీతం మన దేవుడి స్తోత్రం అయిపోయింది. ఒక్క తరంలో. ఏ శుద్ధీ అవసరం పడలేదు.

ఇక ఆ వాద్యం దేంతో తయారవుతుంది? ఆ రోజుల్లో ఫిడేలు తీగలు ప్రధానంగా గొర్రె పేగుతో చేసినవి. చెక్కలు అతికించేది జంతువుల తోలు ఉడికించి తీసిన జిగురుతో. కమానుకి కట్టేది గుర్రపు తోక వెంట్రుకలు. పేగు, తోలు, తోక. ఇవన్నీ అగ్రహారం అరుగు మీదకి, గుడి మండపంలోకి, రాజుల కొలువులోకి హాయిగా నడిచి వెళ్ళాయి. మృదంగం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆవు తోలు, గేదె తోలు, మేక తోలు మూడూ కావాలి దానికి. ఆ తోలు పని చేసే దళిత క్రైస్తవ కుటుంబాల చరిత్రని టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' పేరుతో 2020లో పుస్తకంగా రాస్తే, చెన్నైలోని కళాక్షేత్రం ఆవిష్కరణకి ముందు హాలు ఇచ్చి తర్వాత అనుమతి వెనక్కి తీసుకుంది. వాద్యం లోపలికి రావచ్చు. దాన్ని చేసిన చేతుల గురించి మాట్లాడిన పుస్తకం రాకూడదు.

కాబట్టి తోలు అంటరానిది అనే మాట అబద్ధం. తోలుకి అంటు లేదు. తోలు పట్టుకున్న మనిషికే అంటగట్టారు.

ఇప్పుడు మన నేల మీదకి వద్దాం. కూచిపూడి. విజయవాడ నుంచి పామర్రు మీదుగా వెళ్తే గంటన్నర ప్రయాణం. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి ఊరు. తరాల తరబడి ఈ నాట్యం కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళ సొత్తు. ఆ అగ్రహారాన్ని వాళ్ళకి ఇచ్చింది గోల్కొండ నవాబు తానీషా అని ఊరి కథ. అంటే పునాదిలోనే ఒక ముస్లిం పాలకుడి చెయ్యి ఉంది. ఆడవాళ్ళకి తలుపు తీసింది 20వ శతాబ్దంలోనే. ఆ శతాబ్దంలోనే, 1947 మద్రాసు దేవదాసీ చట్టంతో, క్షేత్రయ్య పదాల్ని గొంతులో, ఒంట్లో దాచుకున్న కళావంతుల ఆడవాళ్ళ ఆటకి వేదిక పోయింది. ఒక ఇంటి ఆట శాస్త్రీయం అయ్యింది, ఇంకో ఇంటి ఆట నేరం అయ్యింది. దీని మీద ఇంకోసారి వివరంగా రాస్తాను.

కూచిపూడి ప్రదర్శనకి వెళ్ళి వేదిక పక్కన కూర్చునే బృందాన్ని గమనించండి. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వేణువు, వయొలిన్. యూరప్‌లో పుట్టిన వాద్యం సత్యభామ జడ పక్కన కూర్చుని ఉంది. ఎవరికీ వింతగా అనిపించదు. దాన్ని పరాయిది అంటే నవ్వుతారు. రెండు వందల ఏళ్ళలో అది "మన వాద్యం" అయిపోయింది. అదే ఊళ్ళకి అవతల, కాలవ గట్టుకి ఆ పక్క, తరతరాలుగా మోగుతున్న డప్పు ఇంకా "వాళ్ళ వాద్యమే". లండన్ నుంచి మద్రాసుకి ఓడలో ఆరు నెలలు. వాడ నుంచి అగ్రహారానికి నడిస్తే అయిదు నిమిషాలు. ఫిడేలు మొదటి దారి దాటేసింది. డప్పు రెండో దారి ఇప్పటికీ దాటలేదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేయను. వయొలిన్ లోపలికి వచ్చింది అది తెల్లవాళ్ళది కాబట్టి కాదు, మెట్లు లేని వాద్యం కాబట్టి, గొంతులా స్వరాన్ని జార్చగలదు కాబట్టి, గమకం పలికించగలదు కాబట్టి. ఈ మాట నిజం. పైగా అది ఒక్క కులం చేతిలోనే ఉండిపోలేదు. తంజావూరు సోదరుల్లో వడివేలు నట్టువనార్ల కుటుంబం వాడు, తొలి తరం వయొలిన్ విద్వాంసుల్లో ఒకడు. మన విజయనగరం ద్వారం వెంకటస్వామి నాయుడు బ్రాహ్మణుడు కాదు. పక్కవాద్యాన్ని ఒంటరిగా కచేరీ చేసే స్థాయికి తీసుకెళ్ళిన మహానుభావుడు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంతో శ్రీరంగంలో స్థిరపడ్డాడు. కాబట్టి తలుపు కొంచెం కొంచెంగా తెరుచుకుంది. ఒప్పుకుంటాను.

కానీ ఎంతవరకు తెరుచుకుందో చూడాలి కదా. నాయుడు గారు వచ్చారు, మౌలానా గారు వచ్చారు. మాల, మాదిగ ఇళ్ళ నుంచి వచ్చిన కర్ణాటక వయొలిన్ విద్వాంసుల పేర్లు మీకు ఎన్ని తెలుసు? వేళ్ళు మడవండి. నేను ఎదురుచూస్తాను. మనకి చెవి లేదా? చెయ్యి తిరగదా? స్వర జ్ఞానం రక్తంలో ఉంటుందని చెప్పేవాళ్ళకి ఒక పేరు చాలు. ఇళయరాజా.

పణ్ణైపురం అనే పల్లెలో దళిత కుటుంబంలో పుట్టి, అన్న పావలర్ వరదరాజన్‌తో కమ్యూనిస్టు ప్రచార సభల్లో పాటలు వాయించుకుంటూ తిరిగిన కుర్రాడు, మద్రాసు వచ్చి ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నాడు. 1986లో 'హౌ టు నేమ్ ఇట్' అని ఒక ఆల్బమ్ చేశాడు. దాన్ని ఇద్దరికి అంకితం ఇచ్చాడు. ఒకరు త్యాగరాజు, ఇంకొకరు బాఖ్. అందులో ఒక రచనకి పేరు 'బాఖ్‌ని మా ఇంట్లో కలిశాను' అని అర్థం వచ్చేలా పెట్టాడు. అందులో సోలో వయొలిన్ వాయించింది ఎవరో తెలుసా? పైన చెప్పిన నరసింహన్ గారే. అంటే తర్వాత మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్‌గా వచ్చిన ఆ బాటని అంతకుముందే వేసినవాళ్ళలో మన వాడ బిడ్డ ఒకడు. తూర్పు పడమరల సంగమం అని చెప్పుకునే ప్రతి వ్యాసంలో ఆ మాట రాయరు. నేను రాస్తున్నాను.

"మా ఇంట్లో" అనే ఆ మాట దగ్గర ఆగండి. ఎవరి ఇంట్లో? ఎవరి గుమ్మం దాటి వచ్చాడు బాఖ్? దానికి ఒక్క ఏడాది ముందు, 1985 జులై 17న, కారంచేడులో మాదిగల ఇళ్ళ మీద దాడి జరిగింది. అయిదేళ్ళ తర్వాత, 1991 ఆగస్టు 6న, చుండూరు. ఆ రెండింటి మధ్య 1988లో 'రుద్రవీణ' వచ్చింది. శాస్త్రీయ సంగీతపు మడిని, కులాన్ని ప్రశ్నించిన తెలుగు సినిమా. దానికి సంగీతం ఇళయరాజాయే, జాతీయ అవార్డు కూడా వచ్చింది. అంతకుముందు 'సాగర సంగమం'కీ వచ్చింది. కూచిపూడి నాట్యాన్ని తెలుగువాళ్ళ ఇంటింటికీ చేర్చిన 'స్వర్ణకమలం' పాటలూ ఆయనవే. ఆయన రాగాలకి అగ్రహారాలు చప్పట్లు కొట్టాయి. డెల్టాలో చప్పట్లు కొట్టిన ఆ చేతులే ఇంకోచోట ఏం పట్టుకున్నాయో మనకి తెలుసు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇళయరాజా తనని కులంతో గుర్తించడం ఇష్టపడరు. ఆయన రాజకీయాలతో, 2022లో అంబేడ్కర్‌ని మోదీతో పోలుస్తూ రాసిన ముందుమాటతో, మనలో చాలామందికి గట్టి విభేదం ఉంది. నాకూ ఉంది. ఆయన మన జెండా మొయ్యాలని నేను అనడం లేదు. మొయ్యకపోవడం ఆయన హక్కు. కానీ 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్హార్మనిక్ ఆర్కెస్ట్రా ఆయన సింఫనీ వాయించినప్పుడు, ప్రతిభ పుట్టుకతో వస్తుందన్న సిద్ధాంతం ఆ హాల్లో చచ్చిపోయింది. ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

ఇంకో విషయం. ఈ తూర్పు పడమరల కలయిక మద్రాసు స్టూడియోల్లో మొదలైందని అనుకుంటారు. మన వాడల్లో అంతకు వందేళ్ళ ముందే మొదలైంది. 1841లో నోబుల్, ఫాక్స్ అనే మిషనరీలు బందరులో దిగారు. 1859లో రాఘవాపురం పగోలు వెంకయ్య అనే మాల రైతు క్రైస్తవంలోకి వచ్చాక కృష్ణా డెల్టా వాడల్లో ప్రార్థనా మందిరాలు లేచాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. తర్వాతి పేజీలో ఇంగ్లీషు వరసకి కట్టిన తెలుగు పాట ఉంటుంది. పురుషోత్తమ చౌదరి లాంటి 19వ శతాబ్దపు కవులు కర్ణాటక రాగాల్లో రాసిన కీర్తనల్ని, గుడి మెట్లెక్కనివ్వని మన అవ్వలు చర్చిలో నోటికి పాడారు. సభల్లో వినే అర్హత లేదన్న రాగాలు గడ్డి కప్పు కింద వాళ్ళ గొంతుల్లోకి వచ్చాయి.

మిషన్ హాస్టళ్ళలో చదివిన మా అమ్మ తరం వాళ్ళని అడగండి. నాలుగు వరసల్లో పాడటం నేర్పేవాళ్ళు. సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్. స్ట్రింగ్ క్వార్టెట్‌లో ఉన్నది ఇదే నాలుగు వరసల లెక్క. మా అమ్మ ఆల్టో పాడేది. ఇప్పటికీ పొయ్యి దగ్గర గొణుక్కునేటప్పుడు అసలు పాట పాడదు, దాని కింద వరసే పాడుతుంది. చిన్నప్పుడు నాకు అది ఏ పాటో అర్థమయ్యేది కాదు. అది సగం పాట. మిగతా సగం పాడేవాళ్ళు పక్కన ఉంటేనే తెలుస్తుంది. హార్మనీ అనే మాట అర్థం అదే కదా.

ఇంత చరిత్ర ఉన్న ఇంటి నుంచి వచ్చిన పిల్లలకి ఇవాళ ఏం జరుగుతోంది? రెండేళ్ళ కిందట మా కాలేజీలో డిగ్రీ చదివే ఒక అబ్బాయి వయొలిన్ నేర్చుకుంటానన్నాడు. మంచి చెవి ఉన్న పిల్లాడు. ఎక్కడెక్కడో కనుక్కుని ఒక మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ముందు ఇంటిపేరు అడిగారట. తర్వాత ఏ వీధి అని. తర్వాత నవ్వుతూ, ప్రేమగానే, "చర్చిలో వాయించుకోవడానికైతే కీబోర్డు చాలు కదా బాబూ, ఇది చాలా కష్టం" అన్నారట. పొమ్మనలేదు. తిట్టలేదు. కేసు పెట్టడానికి ఏమీ లేదు. వాడు వచ్చి నాతో అన్నాడు, "ఆయన మంచోడే మేడం. కానీ మళ్ళీ వెళ్ళబుద్ధి కాలేదు."

మిత్రులారా, అంటరానితనం ఇప్పుడు ఇలాగే మాట్లాడుతుంది. మెత్తగా. ఆ పిల్లాడి చేతిలోకి ఎప్పటికీ రాని వయొలిన్ ఏ లెక్కల్లోనూ కనపడదు.

"అయితే ఫ్యూజన్ బృందాల్లో డప్పు పెడితే సరిపోతుందా?" అని అడగవచ్చు. సరిపోదు. డప్పు మన మీద మోపిన చాకిరీ కూడా. చావుకి కొట్టు, చాటింపుకి కొట్టు, జాతరకి కొట్టు, పక్కన నిలబడు. అందుకే దాన్ని కింద పడేయాలన్న వాళ్ళు మనలో ఉన్నారు, వాళ్ళ కోపం న్యాయమైంది. 1994 జులై 7న ఈదుముడిలో మొదలైన దండోరా అదే డప్పుని తలెత్తి పట్టుకుంది, అదీ న్యాయమే. నా మాట ఒక్కటే. డప్పు పట్టుకోవాలా, వయొలిన్ పట్టుకోవాలా, రెండూ వదిలేసి లా చదవాలా అన్నది మన పిల్లలు తేల్చుకోవాలి. ఆ ఎంపిక వాళ్ళ ఇంటిపేరు చేయకూడదు. వేదిక చివర రెండు నిమిషాలు డప్పు మోగించి, శాలువా కప్పి పంపే గౌరవం మనకొద్దు.

గౌరవం అంటే ఎలా ఉంటుందో చైనా నుంచి ఒక ఉదాహరణ. తాన్ దున్ అనే స్వరకర్త హునాన్ ప్రాంతంలో పుట్టాడు. సాంస్కృతిక విప్లవ కాలంలో పల్లెకి పంపితే వరి నాట్లు వేశాడు. ఆ పల్లెల్లో చావులకి, దయ్యాలకి చేసే తంతులు విన్నాడు. 1994లో 'ఘోస్ట్ ఒపేరా' రాశాడు. స్ట్రింగ్ క్వార్టెట్‌తో పాటు పిపా అనే చైనా తీగ వాద్యం, నీళ్ళు, రాళ్ళు, కాగితం, లోహం. అమెరికాకి చెందిన క్రోనోస్ క్వార్టెట్, పిపా కళాకారిణి వూ మన్ దాన్ని వాయించారు. అందులో బాఖ్ ఉన్నాడు, పల్లెలో చావు తంతూ ఉంది. ఆ చావు సంగీతం అలంకారంగా రాలేదు. రచనకి వెన్నెముకగా వచ్చింది. రాళ్ళకీ కాగితానికీ క్వార్టెట్‌లో చోటు దొరికింది.

మన దగ్గర తీగ వాద్యాలు లేకనా? డక్కలివాళ్ళ కిన్నెర ఉంది. బైండ్లవాళ్ళ జమిడిక ఉంది, తోలూ తీగా ఒకే వాద్యంలో కలిసినది. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. రెండేళ్ళు తిరక్కుండా ఆయన హైదరాబాదు శివార్లలో కూలి పనికి వెళ్తున్న దృశ్యం మనమంతా ఫోన్లలో చూశాం. ఒక వాద్యానికి పతకం ఇచ్చి, గురువు ఉద్యోగం ఇవ్వకపోతే, శిష్యుల్ని ఇవ్వకపోతే, అది సన్మానం అవుతుందేమో గానీ చదువు కాదు.

అందుకే విద్యార్థి మిత్రులకి మూడు పనులు చెబుతున్నాను.

ఒకటి. మీ జిల్లాలోని ప్రభుత్వ సంగీత కళాశాలకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. గత పదేళ్ళలో వయొలిన్, వీణ, గాత్రం, నాట్యం శాఖల్లో ఎస్సీ, ఎస్టీ సీట్లు ఎన్ని, నిండినవి ఎన్ని, కోర్సు పూర్తి చేసినవాళ్ళు ఎంతమంది, అధ్యాపకులు ఎంతమంది అని అడగండి. జవాబులు నాకు పంపండి. ఇదే వరుసలో వేద్దాం.

రెండు. డప్పు, కిన్నెర, జమిడిక వాయించే పెద్దలకి డిగ్రీ అడక్కుండా అధ్యాపక హోదా, నెల జీతం ఇవ్వాలని విశ్వవిద్యాలయాలని అడగాలి. వర్క్‌షాపుకి పిలిచి బస్సు ఛార్జీ ఇచ్చి పంపడం ఆగాలి.

మూడు. మీ వాడలో నాలుగు వరసల్లో పాడగలిగిన అమ్మమ్మలు ఇంకా ఉంటే, వాళ్ళ పాట రికార్డు చేయండి. నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి చేయండి. విడివిడిగా చేస్తే సగం పాటే దొరుకుతుంది.

ఇక సంగీత పెద్దలకి ఒక్క మాట. తూర్పూ పడమరా కలిశాయని మీరంటే నాకు సంతోషమే. కానీ మన దేశంలో దిక్కులు ఇంకా ఉన్నాయి. ఊరికి ఏ దిక్కున వాడ ఉంటుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. గాలి వాడ మీదుగా ఊళ్ళోకి వీచకూడదని లెక్కగట్టి మరీ పెట్టిన దిక్కు అది. ఆ దిక్కు కలిసినప్పుడు చెప్పండి, సంగమం జరిగిందని మేమూ వచ్చి చప్పట్లు కొడతాం.

వచ్చే వారం కళావంతుల మీద.

జై భీమ్.